మందాకినీ తీరం, భాగీరథీ తీరం: ఏది కఠినం?

కేదారనాథ మార్గం కఠినమా, గోముఖ మార్గం కఠినమా అని హిమాలయయాత్రను సంకల్పించిన భక్తులు తరచుగా ప్రశ్నిస్తూ ఉంటారు. మొదటిది మందాకినీ తీరం వెంట, రెండవది భాగీరథీ తీరం వెంట సాగుతుంది. మా అక్కయ్యతో కలిసి రెండింటినీ కాలినడకన సేవించుకున్న భాగ్యం వల్ల నాకు తోచినది విన్నవిస్తున్నాను. అప్పటికి ఆమె వయస్సు 63. మోకాళ్ల నొప్పి ఉన్నది.

ముందుగా దేహపు లెక్క. గౌరీకుండం సముద్రమట్టానికి సుమారు 1,980 మీటర్ల ఎత్తున, కేదారక్షేత్రం 3,583 మీటర్ల ఎత్తున ఉన్నాయి. సుమారు 16 కిలోమీటర్లలో 1,600 మీటర్లు ఎక్కాలి. 2013 జూన్ వరదలో పాతదారి ధ్వంసమైన పిమ్మట నిర్మించిన బాట రాంబాడా వద్ద నదిని దాటి, ఆవలి గట్టున లించౌలీ వైపు ఏటవాలుగా ఎగబాకుతుంది. దారి పొడవునా కంచరగాడిదలు, డోలీలు, జనసమ్మర్దం.

గంగోత్రి నుండి గోముఖం సుమారు 18 కిలోమీటర్లు. ఎక్కవలసినది మాత్రం దాదాపు 900 మీటర్లే; అంటే వాలు సగమే. అయితే ప్రయాణమంతా 3,000 మీటర్లకు పైనే కనుక గాలి పలుచన. చీర్‌బాసా దాటాక పైనుండి రాళ్లు దొర్లిపడే చోట్లున్నాయి. రోజుకు 150 మందికే అనుమతి కాబట్టి ఏకాంతం అధికం.

మోకాళ్లను అడిగితే కేదారమార్గమే కఠినమని చెబుతాయి. కాని అక్కడ అక్కయ్య ఒక్కసారైనా నిరుత్సాహపడలేదు. పంచాక్షరి ఆమె పెదవులను వీడలేదు. దర్శనం చేసుకుని దిగివచ్చే ప్రతి ముఖమూ ఆమెకు ధైర్యమిచ్చింది. పైన స్వామి ఉన్నాడు. ఆ భావనే ఆమెను నడిపించింది.

గోముఖమార్గంలో భోజ్‌బాసా చేరిన మరునాటి ఉదయం మాత్రం ఆమె అడిగింది: "అక్కడ గుడి లేదు గదా తమ్ముడూ, ఎవరికోసం నడవాలి?"

గీతలోని ద్వాదశాధ్యాయం స్మరణకు వచ్చింది. సగుణోపాసకులు, అవ్యక్తోపాసకులు, వీరిలో శ్రేష్ఠులెవరని అర్జునుడు అడుగుతాడు. అవ్యక్తాన్ని ఉపాసించేవారూ తననే పొందుతారని, కాని దేహధారులకు ఆ మార్గంలో క్లేశం అధికమని భగవానుడు సెలవిస్తాడు. ఏళ్ల తరబడి పారాయణ చేసిన ఆ వాక్యానికి అర్థం ఆ చలిగాలిలో బోధపడింది. గోముఖంలో విగ్రహం లేదు, గంట లేదు, అర్చకుడు లేడు. ఆ హిమానీనదం కూడా దశాబ్దాలుగా వెనుకకు జరుగుతున్నది. మన పూర్వులు దర్శించిన చోట నేడు గోముఖం లేదు. గమ్యమే జరిగిపోయే దారిలో మనస్సు దేనిని పట్టుకుంటుంది?

అక్కయ్య భోజ్‌బాసా వద్దనే నదీతీరాన ఒక రాతిపై కూర్చున్నది. దోసిట నీరు తీసుకుని, "అక్కడి నీరే గదా ఇక్కడికి వచ్చింది" అన్నది. మిగిలిన నాలుగు కిలోమీటర్లు నేను ఒంటరిగా వెళ్లాను. తిరిగివచ్చేసరికి ఆమె అదే రాతిపై, అదే ఆసనంలో, కనులు మూసుకుని ఉన్నది. నేను చూసివచ్చినది వర్ణించబోయి మానుకున్నాను. ఆమె ముఖంలోని ప్రశాంతికి నా వర్ణనతో పనిలేదు.

కనుక, అడిగేవారికి నా మనవి ఇది. దేహశక్తి కొరవడినవారు కేదారమార్గంలో తొందరపడక, ఒకచోట రాత్రి విశ్రమించి ఎక్కండి. మనస్సుకు ఆలంబనం కావలసినవారు కూడా ముందు కేదారానికే వెళ్లండి. ఆ మూర్తి హృదయంలో నిలిచిన పిమ్మట గోముఖానికి బయలుదేరండి. అప్పుడు ఆ ఏకాంతం శూన్యంగా తోచదు.