వాన పడిందా అమ్మా?

ఫిబ్రవరి నెల వచ్చిందంటే మా ఇంట్లో ఫోన్లు మాట్లాడే తీరే మారిపోతుంది. బాగున్నావా, తిన్నావా అనేవన్నీ వెనక్కి పోతాయి. ముందు అడిగేది "వాన పడిందా అమ్మా?" అనే.

"పడింది. నిన్న సాయంత్రం ఎనభై సెంట్లు" అంటుంది అమ్మ.

బయటివాళ్ళు వింటే ఎనభై సెంట్ల స్థలం ఏదో కొన్నామనుకుంటారు. హిందూపురంలో మా మేనమామ ఒకసారి నిజంగానే "ఎంత పెట్టినారు, ఎక్కడ?" అని అడిగినాడు. కొడగులో తోటలవాళ్ళు వానని సెంట్లలో కొలుస్తారు. నూరు సెంట్లు ఒక ఇంచి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ ఒక్క ఇంచి పడితే కాఫీ చెట్టు పూస్తుంది. పడకపోతే మొగ్గ సగం తెరుచుకుని అట్లే మాడిపోతుంది. కన్నడంలో దాన్ని హూ మళె అంటారు. నాయన తన పుస్తకంలో "పూలవాన" అని రాసేవాడు. ఈ మాట ఆంధ్రాలో ఎవరూ అనగా మేము వినలేదు. మా ఇంట్లో పుట్టిన తెలుగు మాట అది.

వాన పడిన ఏడెనిమిది రోజులకి ఒక తెల్లవారి తోటంతా తెల్లగా అయిపోతుంది. మల్లె వాసన. మూడో రోజుకి పూలన్నీ గోధుమరంగుకి తిరిగి రాలిపోతాయి. ఆ తరువాత రెండు మూడు వారాల్లోపల ఇంకో వాన పడాల, పట్టిన పిందె నిలవాలంటే. అది కూడా పడిందా అని ఇంకో విడత ఫోన్లు. అప్పుడు నిలిచిన పిందె పండి కోతకి వచ్చేది మళ్ళీ డిసెంబరు దాటినాకే. ఒక్కోసారి పాత పండు ఇంకా కొమ్మ మీద ఉండగానే కొత్త మొగ్గ తలెత్తుతుంది.

మా తోట సిద్దాపురం దగ్గర. నాలుగు ఎకరాలు. అంతా రోబస్టా.

తాత 1948లో హిందూపురం పక్క పల్లె నుంచి ఒక పెద్ద తోటకి రైటరుగా వచ్చినాడు. రైటరంటే మస్టరు రాసేవాడు. ఎవరు పనికి వచ్చినారు, ఎవరు రాలేదు, ఎన్ని కిలోలు కోసినారు అని లెక్క చూసేవాడు. వానల్లేని సీమ నుంచి జూన్‌లో మొదలైతే సెప్టెంబరు దాకా వదలని వానలోకి వచ్చిపడినాడు. మొదటి ఏడు పంచెలు ఆరేవి కావని, పొయ్యి మీద దండెం కట్టి ఆరబెట్టుకునేవాళ్ళమని అవ్వ చెప్పేది. 1961లో కూడబెట్టిన డబ్బుతో ఆరు ఎకరాలు కొన్నాడు. అందులో అరబికా చెట్లు కొన్ని ఉండేవి. తెల్ల కాండం తొలిచే పురుగు పడి అవి ఒక్కొక్కటే పండుబారి పోతుంటే, వాటిని పీకించి రోబస్టా విత్తనం తెచ్చి వేసినాడు.

రోబస్టా మన దేశపు చెట్టు కాదు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా వానకారడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి. దాని శాస్త్రీయ నామం కాఫియా కనెఫోరా. 19వ శతాబ్దం చివర్లో ఆకుతుప్పు తెగులు వచ్చి సిలోన్ అరబికా తోటల్ని ఊడ్చిపెట్టింది. వాళ్ళు టీకి మళ్ళినారు. మన కొండల్లో కూడా ఆ తెగులు దెబ్బ గట్టిగానే తగిలింది. దాన్ని తట్టుకునే చెట్టు కోసం వెతుకులాటలో, 20వ శతాబ్దం మొదట్లో రోబస్టా ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు మన దేశంలో పండే కాఫీలో మూడింట రెండు వంతులకు పైన అదే. అయినా పేరు మాత్రం అరబికాదే. 2019లో భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు కూర్గ్ అరబికాకి వచ్చింది, అరకు వ్యాలీ అరబికాకి వచ్చింది, వయనాడ్ రోబస్టాకి కూడా వచ్చింది. మా కొడగు రోబస్టాకి మాత్రం రాలేదు. నాయన ఉండి ఉంటే నవ్వి ఊరుకునేవాడు.

ఈ చెట్టుని దాని మానాన వదిలితే ముప్పై అడుగులు పోతుంది. కోసుకోవడానికి చేతికి అందాల కాబట్టి అయిదు, అయిదున్నర అడుగుల దగ్గర తల తుంచుతాము. చెట్టుకి చెట్టుకి పది అడుగులు. ఎకరాకి సుమారు 435 చెట్లు. పైన నీడకి సిల్వర్ ఓక్, పనస, అత్తి, వాటి మీద మిరియాల తీగ. గింజ అరబికా కంటే చిన్నది, గుండ్రంగా ఉంటుంది. కెఫీన్ మాత్రం దాదాపు రెండింతలు. అరబికాలో నూటికి 1.2 పాలు ఉంటే దీంట్లో 2.2 దాకా. చేదుగా ఉండేదాన్ని పురుగు అంత సులభంగా ముట్టదు.

అమ్మ ఈ చేదుని మొదట చూసింది పెళ్ళయిన మరుసటి దినం. 1974 అది. అవ్వ ఇత్తడి లోటాలో నల్లకాఫీ పోసి చేతికిచ్చిందంట. పాలు లేవు, బెల్లం వేసి కాచినది. కొడగులో అదే వాడుక, బెల్లం కాఫీ. అమ్మ అది కషాయం అనుకుంది. "నాకు జ్వరం ఏమీ లేదత్తా" అనిందంట. ఆ మాట మీద అవ్వ చనిపోయేదాకా నవ్వుకున్నారు ఇద్దరూ.

తరువాత ఆ ఇంట్లో అమ్మ చేతి కాఫీనే నిలిచింది. ఆమె లెక్క ఇది. మా రోబస్టా మూడు పాళ్ళు, పొరుగు తోట నుంచి మార్చుకున్న అరబికా ఒక పాలు. విడివిడిగా ఇనుప బాణలిలో వేయించాల. ఎందుకంటే రెండూ ఒకే పదునుకి రావు. చిటపటమని ఒకసారి చిట్లి, రెండోసారి చిట్లడం మొదలుకాగానే దించి చాటలో పోసి విసరాల. ఒక దినం ఆగి పొడి చేయాల. చికోరీ వేయదు. "రోబస్టాకే చిక్కదనం ఉంటే వేరు పొడి ఎందుకు?" అంటుంది. ఫిల్టర్‌లో దిగిన డికాక్షన్ పాలల్లో పోస్తే రంగు పాలిపోదు. అరబికా ఒక్కటే తాగేవాళ్ళకి ఇది మొరటుగా ఉంటుంది. మాకు మిగతావన్నీ నీళ్ళ కాఫీలాగా ఉంటాయి.

నాయన చేసిన ఒక పొరపాటు గురించి కూడా చెప్పాల. ఆయన ఉన్నప్పుడు తానే చెప్పి నవ్వించేవాడు కాబట్టి రాయడంలో తప్పులేదు.

కళ్ళం పక్కన ఒక చెట్టు ఉండేది. ఏటా విరగకాసేది. 1984లో నాయన దాని చిగుళ్ళ ముక్కలు తీసి వేళ్ళు పట్టించి, అర ఎకరా నిండా అదే నాటినాడు. విత్తనంతో వేస్తే ఒక్కో చెట్టు ఒక్కో రకంగా వస్తుంది, కొమ్మతో వేస్తే అన్నీ ఆ తల్లిలాగే వస్తాయని లెక్క. లెక్క తప్పు కాదు. నాలుగో ఏడు అన్నీ ఒకేసారి పూసినాయి. చూడ్డానికి జనం వచ్చినారు. కాపు మాత్రం అంచు వరసల్లోనే పట్టింది. నడుమ వరసలు వట్టిపోయినాయి. మరుసటి ఏడూ అంతే.

కాఫీ బోర్డు నుంచి వచ్చిన అధికారి చూసి, కన్నడంలో ఒకే ముక్క చెప్పినాడంట. "ఇవన్నీ సగోత్రం సార్." అరబికా పువ్వు తన పుప్పొడితోనే కాయ పట్టుకుంటుంది. రోబస్టా అట్ల కాదు. గాలి మీదనో తేనెటీగ మీదనో ఇంకో చెట్టు పుప్పొడి రావాల, ఆ చెట్టు కూడా వేరే వంశంది కావాల. ఒక చెట్టు కొమ్మలు తెచ్చి రెండు వందలు నాటినా అది ఒక చెట్టు కిందే లెక్క. అంచులో ఉన్నవాటికి పక్క మడిలో నుంచి పుప్పొడి అందింది, అవి కాసినాయి. నాయన ఆ మడిలో వరస విడిచి వరస పీకి, బాళెహొన్నూరు పరిశోధనా కేంద్రం వాళ్ళ ఎస్.274 విత్తనం మొక్కలు వేసినాడు. తరువాత ఆ మడి బాగానే కాసింది.

రోబస్టా ఒంటరిగా ఉంటే పూస్తుంది కానీ కాయదు. ఊరు విడిచి వచ్చి మూడు తరాలైన మనలాంటి ఇళ్ళవాళ్ళకి ఈ సంగతి ఇంకొంచెం బాగా అర్థమవుతుందేమో.

ధరల గురించి ఎక్కువ చెప్పము, తోట ఉన్నవాళ్ళకి తెలిసిందే. ముందు పంటంతా కాఫీ బోర్డు పూల్‌కి పోసేవాళ్ళు, డబ్బు విడతలుగా వచ్చేది. 1990ల నడుమ ఆ పద్ధతి పోయి ఎవరికి కావాలంటే వాళ్ళకి అమ్ముకునే వీలు వచ్చింది. కొన్నేళ్ళు బాగా నడిచింది. 2001, 2002 వచ్చేసరికి ధర ఎంత పడిపోయిందంటే కోత కూలీ కూడా గిట్టలేదు. మా చిన్నాయన తన వాటా రెండు ఎకరాలు అప్పుడే అమ్మేసినాడు. ఆయన్ని ఎవరమూ తప్పు పట్టలేదు. ఆడపిల్ల పెళ్ళి ముందర ఉండింది.

నాయన 2019లో పోయినాడు. అప్పటినుంచి అమ్మ ఒక్కతే ఉంటుంది. మాలో పెద్దది మైసూరులో, నడిపోడు బెంగళూరులో, చిన్నోడు హైదరాబాదులో. 2024లో 50 కిలోల ఎండు చెర్రీ బస్తా పదివేల రూపాయలు దాటింది. నాయన జన్మలో చూడని ధర. అప్పుడే తోటకి బేరం వచ్చింది. కొనేవాళ్ళకి కాఫీ అక్కర్లేదు. హోమ్‌స్టే కట్టుకుంటారంట.

2025 ఉగాదికి అందరం కలిసినాము. అమ్ముదామని వచ్చినవాళ్ళమే, దాచుకోవడం ఎందుకు? అమ్మకి వయసైంది. పైగా ఆ జనవరిలో ఏనుగు కళ్ళం దాకా వచ్చిపోయిందని పనిమనిషి చెబితే తెలిసింది. అమ్మ చెప్పలేదు. అడిగితే "పనసకాయ కోసం వచ్చింది, నా కోసం కాదు కదా" అనింది.

చెట్లు కూడా ముసలివైపోయినాయి. తాత వేసినవాటికి అరవై ఏళ్ళు. వాటిని అట్లే ఉంచితే కాపు తగ్గుతూ పోతుంది. పీకి కొత్తవి వేస్తే ఏళ్ళు పడుతుంది. ఇంకో దారి ఉంది. ముసలి చెట్టుని కోత అయినాక అడుగున్నర ఎత్తులో నరికేస్తే మొదలు నుంచి కొత్త చిగుళ్ళు వస్తాయి. రెండు మంచివి ఉంచి మిగతావి తీసేసి, వానాకాలంలో వాటి మీద సి ఇంటూ ఆర్ అనే మంచి రకం అంటు కట్టొచ్చు. వేరు తాతది, కొమ్మ కొత్తది. మళ్ళీ కాపుకి రావడానికి సుమారు మూడేళ్ళు. కానీ ఎప్పుడూ లేని ధర ఉన్నప్పుడు కాసే చెట్టుని నరకడానికి ఎవరికి చెయ్యి వస్తుంది?

రెండు దినాలు ఇదే మాట్లాడుకున్నాము, గొంతులు లేచినాయి కూడా. చివరికి అమ్మ అనింది. "మీ దగ్గరికి వస్తే నాకు అన్నం పెడతారు, నాకు తెలుసు. పొద్దున లేచి ఏం చేయాల్నో మాత్రం మీరు చెప్పలేరు."

దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

బేరం వద్దన్నాము. ఏటా ఒక ఎకరా చొప్పున నరికి అంటు కట్టాలని అనుకున్నాము. అప్పుడు మిగతా మూడు ఎకరాల రాబడితో ఇల్లు గడుస్తుంది. పనసకాయలు పండకముందే కోసి ఇచ్చేయాల. కోతల్లో మాలో ఒకరు పదిహేను దినాలు అక్కడే ఉండాల. చిన్నోడు మొదటి వంతు తీసుకున్నాడు. ఇది సరైన నిర్ణయమా? ఏనుగు ఇంకోసారి వచ్చిన రాత్రి మేమే మమ్మల్ని తిట్టుకుంటాము, అది కూడా తెలుసు.

ఆ వేసవిలో మొదటి ఎకరా నరికినాము. మొద్దులు చూస్తే కడుపులో తిప్పినట్టయింది. జూన్ కల్లా చిగుళ్ళు వచ్చినాయి. కట్టిన అంటుల్లో నాలుగింట ఒకటి పోయింది, మిగతావి పట్టినాయి.

నాయన వాన పుస్తకం అమ్మ ఇంకా రాస్తూనే ఉంది. తేదీ, సెంట్లు, పక్కన ఒక మాట. అదంతా తెలుగులో ఉంది కాబట్టి మా పిల్లలకి చదవడం రాదు. వాళ్ళు కన్నడం, ఇంగ్లీషు చదివినవాళ్ళు. మొన్న సెలవుల్లో అక్క కూతురు అవ్వ పక్కన కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. కన్నడం వచ్చినవాళ్ళకి మన లిపి అంత దూరం కాదు కదా. తలకట్టు దగ్గర తడబడింది, అంతే. ఈ ఏడు ఫిబ్రవరిలో వాన పడిన దినం అమ్మ దాని చేత రాయించింది. "పులవాన, 110" అని ఉంది. దీర్ఘం లేదు. అమ్మ దిద్దలేదు, మేమూ దిద్దలేదు.

మీ ఇళ్ళల్లో కూడా ఇట్లాంటి మాటలు ఉంటాయి, పక్క భాషలో నుంచి మీ పెద్దవాళ్ళు తెచ్చుకున్నవి, ఇంకెక్కడా దొరకనివి. ఎక్కడైనా రాసిపెట్టండి. తప్పులు ఉన్నా పరవాలేదు.