పొయ్యి లేని సత్తుపిండి

మా హాస్టల్ రూముల్లో ఇండక్షన్ స్టవ్ దొరికితే వెయ్యి రూపాయలు ఫైన్. కెటిల్ ఒక్కటి ఓకే, అది కూడా వార్డెన్ మూడ్ బాగుంటేనే. దసరా సెలవుల్లో మెస్ కూడా మూసేస్తారు. అలాంటి చోట, సద్దుల బతుకమ్మ రోజు పొద్దున నేను సత్తుపిండి చేద్దామని కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో చెప్పాలంటే ముందు నేనాడిన ఒక అబద్ధం గురించి చెప్పాలి.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. నాన్న దుబాయ్‌లో పనిచేస్తాడు. ఇంట్లో అమ్మ, నానమ్మ. బతుకమ్మ ఆడేది ఆడవాళ్లే అయినా పూలు తెచ్చే డ్యూటీ మా ఇంట్లో నాది. ఆరో తరగతి నుంచీ అంతే. పొద్దున్నే సంచి పట్టుకొని చెలకల వెంబడి తిరిగి తంగేడు, గునుగు కోసుకొచ్చేవాణ్ని. గునుగు పూలను రంగుల్లో ముంచి ఆరబెట్టడం కూడా నా పనే. వారం దాకా గోళ్లకు ఆ రంగు పోయేది కాదు.

ఈసారి వెళ్లలేదు. సెకండియర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. దసరా అయిన సోమవారం నుంచే సప్లీలు. ఇంట్లో మాత్రం "ప్రాజెక్టు ఉందమ్మా, సార్ ఉండమన్నడు" అని చెప్పాను. "సద్దుల నాటికి గూడ రావా?" అని అడిగింది. రానన్నాను. "సరే తియ్యి" అని ఫోన్ పెట్టేసింది.

మన క్లబ్‌లో ఇటువైపు వాళ్లు కానివాళ్ల కోసం ఒక మాట. బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగ. అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాడు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు... ఇలా రోజుకో నైవేద్యం. ఆరో రోజు మాత్రం అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు. మా ఇంట్లో ఈసారి అలక రెండో రోజే మొదలైంది, ఎనిమిదో రోజుకి కూడా తీరలేదు. రోజూ ఫోన్లో "తిన్నవా?" "తిన్న." అంతే. ఇంకో మాట లేదు.

చివరి రోజు సద్దులు కడతారు. పులిహోర, పెరుగన్నం లాంటివి ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు మా దిక్కు సత్తుపిండి ఉండాల్సిందే. పల్లీలు, నువ్వులు, పెసర్లు, మక్కలు దేనికది వేయించి, పొడి చేసి, బెల్లమో చక్కెరో కలుపుతారు. బతుకమ్మలను చెరువులో వదిలాక ఆడవాళ్లు కట్ట మీదే ఒకరికొకరు వాయినాలు ఇచ్చుకుంటారు. పిల్లలం దోసిళ్లు పట్టుకొని అందరి దగ్గరకీ తిరిగేవాళ్లం. సత్తు నోట్లో పోసుకొని నవ్వకుండా ఉండాలి, అదే ఆట. నవ్వితే ఎదుటివాడి మొహం నిండా పిండి.

ఆ పొద్దున వాట్సాప్ స్టేటస్‌లలో ఎవరింట్లో చూసినా తంగేడు పూల కుప్పలే. అమ్మ స్టేటస్ ఏమీ లేదు. మ్యాథ్స్ పుస్తకం మూసి కిందికి దిగాను. గేటు ఎదురు కిరాణాలో వేయించిన పల్లీలు అరకిలో, నువ్వులు పావుకిలో, బెల్లం అరకిలో, ఒక ఎండుకొబ్బరి చిప్ప, పది రూపాయల యాలకులు కొన్నాను. నువ్వులు వేయించడానికి దారి లేదు కాబట్టి టెర్రస్ మీద పేపర్ పరిచి రెండు గంటలు ఎండబెట్టాను. పక్క రూములో జిమ్ బ్యాచ్ వాడి ప్రోటీన్ షేక్ మిక్సీ అప్పు తెచ్చాను. కడిగి, తుడిచి, దాన్ని కూడా కాసేపు ఎండలో పెట్టాను. జార్‌లో ఒక్క చుక్క తడి ఉన్నా పొడి ముద్ద కడుతుంది. అంతవరకు నాకూ తెలుసు.

పల్లీల పని బాగానే అయింది. టవల్లో పోసి రుద్దితే పొట్టు ఊడింది. కారిడార్‌లో నిలబడి ఊదితే ఎగిరిపోయింది. తురిమిన బెల్లం, రెండు యాలకులు వేసి మిక్సీ కొంచెం తిప్పాను. రవ్వలాగా వచ్చింది. కొబ్బరి తురిమి కలిపాను. నా రూమ్మేట్, భీమవరం వాడు, నాతోటి సప్లీ వీరుడు, చెంచాతో తిని "పర్లేదురా" అన్నాడు.

దాంతో నాకు ధైర్యం ఎక్కువైంది. నువ్వులూ బెల్లం కలిపి వేసి, స్విచ్ ఆన్ చేసి, స్టేటస్‌లు చూసుకుంటూ నిలబడ్డాను. ఒక నిమిషం పైనే తిరిగి ఉంటుంది. మూత తీస్తే పొడి లేదు. నూనె కారుతున్న ముద్ద, బ్లేడ్‌కు అతుక్కొని ఉంది. నువ్వుల్లో దాదాపు సగం నూనే. ఆగకుండా తిప్పితే బ్లేడ్ నలిపి, వేడి పుట్టించి ఆ నూనెను బయటికి లాగుతుంది. బెల్లంలో తడి ఎలాగూ ఉంది. ఇదంతా తర్వాత అర్థమైంది.

భీమవరం వాడు మాత్రం ఎగిరి గంతేశాడు. "ఒరేయ్, ఇది చిమ్మిలిరా! నాగులచవితికి మా అమ్మ చేసేది ఇదే. పచ్చి నువ్వులూ బెల్లం కలిపి దంచి ఉండ చెయ్యడమే. పక్కన చలిమిడి. రెంటికీ పొయ్యితో పనే లేదు." అంటూనే ఒక ఉండ చుట్టి నోట్లో వేసుకున్నాడు. వాడికి పండుగ నెల ముందే వచ్చేసింది. నాకు మాత్రం చిమ్మిలి కాదు, సత్తు కావాలి. ఇక అమ్మకు ఫోన్ చెయ్యక తప్పలేదు.

"అమ్మా, నువ్వులు ముద్దయినయ్."

"ఏం నువ్వులు?"

"సత్తు చేస్తున్న. రూముల."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మిక్సీ ఆగకుంట తిప్పినవా?" అంది. అవునన్నాను. "గట్ల తిప్పుతరార? జర తిప్పాలె, ఆపాలె, మూత తీసి కలపాలె, మళ్ల తిప్పాలె. నువ్వులు ఉత్తయే పొడి గొట్టినంక బెల్లం కలపాలె." వారం రోజుల్లో అమ్మ నాతో మాట్లాడిన పెద్ద మాట అది. ఆ గొంతు వింటుంటే నాకు ఇంకేదీ దాచబుద్ధి కాలేదు.

"అమ్మా, ప్రాజెక్టు లేదు. రెండు సబ్జెక్టులు పోయినయ్. సోమవారం నుంచి పరీక్షలు."

"రెండేనా?"

"రెండే."

తిడుతుందని చూశాను. తిట్టలేదు. "ప్రాజెక్టు అంటే నమ్మిన. మీ నాయినకు గూడ గదే చెప్పిన. కొడుకు పండుగకు గూడ రాకుంట పని చేస్తుండని ఆయన ఆడ రూములోళ్లందరికి చెప్పుకున్నడట. ఇప్పుడు నేనేం చెప్పాలె?"

రెండు సబ్జెక్టులు పోయినప్పుడు కూడా నాకు అంత సిగ్గనిపించలేదు. నేనాడిన అబద్ధాన్ని నాకు తెలియకుండానే అమ్మ నోటి నుంచి కూడా చెప్పించాను. నాన్న దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు. "నేనే చెప్త నాయినకు, ఇయ్యాల్నే" అన్నాను.

"చెప్పు మరి" అంది. ఆ తర్వాత తనే మళ్లీ, "పుట్నాలు పొడి గొట్టి గా ముద్దల కలుపు. నూనె గుంజుకుంటది. చేత్తోటి మెదుపు" అంది. పూలు ఎవరు తెచ్చారని అడిగాను. "నేనే పోయిన. గునుగు దొరకలె, తంగేడే తెచ్చిన" అంది.

పుట్నాల కోసం మళ్లీ కిందికి దిగబోతుంటే ఎదురు రూములో ఉండే పాట్నా దోస్తు తలుపు తీశాడు. వాడు ఛఠ్ పూజకు ఊరు వెళ్లాలని ఈ సెలవులకు ఇక్కడే ఉండిపోయాడు. మా మాటల్లో ఒక్క ముక్క పట్టుకున్నాడు. "సత్తూ? తుమ్ లోగ్ భీ ఖాతే హో?" అని లోపలికెళ్లి ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా పట్టుకొచ్చాడు. వేయించిన శనగల పిండి. రోజూ పొద్దున ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు కలుపుకొని వాడు తాగేది అదే. మన పుట్నాలూ వేయించిన శనగలే కదా. సంస్కృతంలో సక్తువు, వాళ్లకూ మాకూ సత్తు అయింది. మూడేళ్లుగా ఎదురెదురు రూముల్లో ఉంటున్నాం, ఈ సంగతి ఇద్దరికీ తెలియదు.

నాలుగు గరిటెలు వేసి మెదిపాను. ముద్ద విరిగింది. ఇంకో రెండు వేశాక పొడిపొడిగా రాలింది. వేయించిన నువ్వుల వాసన లేదు, కానీ సత్తే.

సాయంత్రం గర్ల్స్ హాస్టల్లో మిగిలినవాళ్లు కొన్న బంతిపూలతో చిన్న బతుకమ్మను పేర్చి గ్రౌండ్‌లో ఆడారు. చెరువు లేదు కాబట్టి నీళ్ల టబ్‌లోనే నిమజ్జనం. రెండు డబ్బాలూ తీసుకెళ్లి ఇచ్చాను. హన్మకొండ సీనియర్ అక్క ఒకామె నోట్లో వేసుకొని "నువ్వులు వేయించలేదా తమ్మీ?" అంది. స్టవ్ లేదక్కా అన్నాను. ఇంకో చెయ్యి చాపింది. పాట్నా వాడికి పిండి నోట్లో పెట్టుకొని నవ్వకుండా ఉండే ఆట నేర్పించాం. మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాడు, నా షర్ట్ మీద.

రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. అంతా విని, "రెండు పాసయితే అయిపాయె గదరా, గింత దానికి అబద్ధమెందుకు" అన్నాడు. ఆ తర్వాత కొంతసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. అక్కడ ఎవరో ఆయన్ని అన్నానికి పిలుస్తున్నారు.

మీరూ చేసుకోవాలనుకుంటే లెక్క ఇది: ఒక గ్లాసు వేయించిన పల్లీలకు ముప్పావు గ్లాసు బెల్లం తురుము. జార్ పొడిగా ఉండాలి. మిక్సీ ఆపి ఆపి తిప్పాలి. తడి చెంచా పెట్టకపోతే మూత గట్టి డబ్బాలో పదిహేను రోజులు ఉంటుంది. నాకు సప్లీలు అయ్యేదాకా వచ్చింది, రాత్రికి రెండు చెంచాల చొప్పున.

పరీక్షలు రాసి ఊరెళ్లేటప్పుడు డబ్బా అడుగున మిగిలింది కూడా తీసుకెళ్లాను. అమ్మ కొంచెం అరచేతిలో పోసుకొని నోట్లో వేసుకుంది. "పచ్చి నువ్వులు" అంది. తర్వాత అటక మీది స్టీల్ డబ్బా దించి నా ముందు పెట్టింది. సద్దుల నాడు చేసిన సత్తు, నా వంతు, అలాగే ఉంది.