ఏ చెవి?

మా టామీగాడు పోయి మూడు నెలలైంది. అమ్మ పుట్టినరోజుకి వాడి బొమ్మ గీయించి ఇద్దామనిపించింది. ఫోటోలు చూసి పెన్సిల్‌తో ఏ4 సైజులో గీసే ఒకాయన దొరికాడు. అదెంత పని, నా ఫోన్లో నాలుగొందల ఫోటోలున్నాయి కదా అని ఓ పాతిక పంపేశా.

సాయంత్రానికల్లా రివ్యూ కామెంట్లొచ్చాయి. నుంచుని పైనుంచి తీసినవే ఎక్కువట, వాడి కళ్ళ ఎత్తుకి వంగి తీసింది ఒక్కటీ లేదట. ఫోన్ మరీ దగ్గర పెట్టి తీస్తే ముక్కు పెద్దదై, మొహం మారిపోతుందట. అమ్మ వాట్సాప్‌లో పంపినవేమో కుదించుకుపోయి, బొచ్చు ఎటు తిరిగిందో తెలీట్లేదట. చివర్న ఒక ప్రశ్న: "సార్, వంగిన చెవి ఎడమదా, కుడిదా?"

చూస్తే నిజమే! మామూలు ఫోటోల్లో ఒక చెవి, సెల్ఫీల్లో ఇంకో చెవి. సెల్ఫీ కెమెరా అద్దంలోలా తిప్పేసిందన్నమాట. మరి ఏవి తిరగబడ్డాయి? వెనక గోడ మీది క్యాలెండర్ అక్షరాలు వెతుక్కుంటూ గంటసేపు డీబగ్గింగ్ చేశా. దొరకలేదు. ఇక తప్పక ఇంటికి ఫోన్ కొట్టా.

"అమ్మా, టామీగాడికి ఏ చెవి వంగుండేది?"

"ఎడమదిరా. దాని కిందే గోకమని తల పెట్టేవాడుగా. ఎందుకూ?"

"ఊరికే."

వాడు మా ఇంట్లో తొమ్మిదేళ్ళున్నాడు. నేను మాత్రం పండక్కొచ్చిన నాలుగు రోజులూ ఫోటోలు తీశాను.

మీ ఊళ్ళో కూడా ఒకడుంటే, ఈసారి వెళ్ళినప్పుడు కిటికీ పక్కన నేలమీద కూర్చుని, కళ్ళు కనపడేలా రెండు ఫోటోలు తీయండి. ఆ తర్వాత ఫోన్ జేబులో పెట్టేసి, కాసేపు చెవి కింద గోకండి.