మూడో దిమ్మ

తెలుగు ఎం.ఏ. చదివేవాడికి కాంక్రీటుతో ఏం పని అని మీరడగవచ్చు. ఆ రోజుల్లో నన్ను అడగనివారు లేరు. 2002లో ఉస్మానియా ఆర్ట్సు కాలేజీలో చేరడానికి మా జగిత్యాలలో బస్సెక్కినప్పుడు, అవ్వ బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బు నా జేబులో ఉంది. అది రెండు నెలలు వచ్చింది. మూడో నెల మెస్సు బిల్లు చూశాక కవిత్వం కాస్త వెనక్కి తగ్గింది.

ఊరివాడొకాయన దయవల్ల నగరంలోని ఒక ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలలో సాయంకాలపు పని దొరికింది. రోజుకు మూడు గంటలు, నెలకు 900 రూపాయలు. కట్టడాల దగ్గర పోస్తున్న కాంక్రీటులోంచే కొంత తీసి, 150 మిల్లీమీటర్ల అచ్చుల్లో నింపి మాకు పంపేవారు. వాటిని క్యూబులనేవారు. నాకు మాత్రం అవి దిమ్మలే. ఒక్కొక్కటి ఎనిమిది కిలోలు. వాటిని నీళ్ళ తొట్టిలో ఉంచి, ఇరవై ఎనిమిదో నాడు తీసి, తుడిచి, తూచి, యంత్రంలో పెట్టి పగలగొట్టడమే నా ఉద్యోగం.

సిమెంటు ఎండి గట్టిపడుతుందని అంతవరకూ నా నమ్మకం. అది ఎండి కాదు, నీళ్ళతో కలిసి గట్టిపడుతుందట! ఏడు రోజులకు సుమారు మూడింట రెండు వంతుల బలం. 28 రోజులకు కోరిన బలం. ఎం-20 అనే రకమైతే ఆ దిమ్మ 450 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 46 టన్నుల బరువు ఓర్చుకోవాలి. యంత్రం ముఖం మీద రెండు ముళ్ళుంటాయి. దిమ్మ పగలగానే నల్ల ముల్లు సున్నాకు పడిపోతుంది. ఎర్ర ముల్లు మాత్రం ఎంతవరకు వెళ్ళిందో అక్కడే నిలిచి సాక్ష్యం చెబుతుంది.

అక్కడ పెద్దదిక్కు ఒక టెక్నీషియను. ఆయన మాకందరికీ సారే. నన్ను "పంతులూ" అనేవాడు.

ఒకనాడు మూడు దిమ్మలు పగలగొట్టవలసి ఉంది. మూడింటి సగటే లెక్క. ఏ ఒక్కటైనా ఆ సగటుకు నూటికి 15 కన్నా ఎక్కువ తేడాగా ఉంటే ఫలితమే చెల్లదు. మర్నాడు నాకు ఛందస్సు పరీక్ష. మొదటిది 480 దగ్గర పగిలింది. రెండోది 475. ఇక మూడోది మాత్రం ఏం వేరుగా ఉంటుంది? రిజిస్టరులో 470 అని రాసేశాను. కల్పనాశక్తి ఉన్నవాణ్ణి కదా! చేతులు కడుక్కుని దీపం కింద పుస్తకం తెరిచాను.

అరగంట తరవాత సారు వచ్చాడు. నీళ్ళోడుతున్న దిమ్మను తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టాడు.

"పంతులూ, గీ దిమ్మ పుస్తకంల పగిలింది గని తొట్టిల మంచిగనే ఉన్నదేంది?"

నాకు నోట మాట రాలేదు. "పెట్టు" అన్నాడు. పెట్టాను. ఎర్ర ముల్లు 300 దగ్గర ఆగిపోయింది.

చాలాసేపు ఇద్దరమూ దానివంకే చూస్తూ నిలబడ్డాం.

"గిది ఎక్కడిదో ఎరికేనా? బడి పైకప్పుది. మీ పద్యంల యతి తప్పితే ఏమైతది?"

"దోషం అంటరు సార్."

"అది ఎవల నెత్తిన పడ్తది?"

నా రాతను కొట్టేయించి, పక్కన నా చేతనే 300 వేయించి, కింద "ఫలితం చెల్లదు" అని రాయించాడు. పైవాళ్ళకు నా సంగతి చెప్పలేదు. నా జీతమూ తగ్గించలేదు. నెల రోజులు యంత్రం ముట్టనివ్వకుండా తొట్టి మాత్రం కడిగించాడు. చెప్పి తీయించేసినా అంత సిగ్గుపడేవాణ్ణి కానేమో!

మర్నాటి పరీక్షలో యతిస్థానాలడిగారు. ఒక్కటీ తప్పలేదు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వకు జరిగిందంతా చెప్పాను. చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూనే వింది. మందలిస్తుందేమో అనుకున్నాను. "మరి ఆ బడి మంచిగ కట్టిండ్రా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

నాకు తెలియదు. కాగితం వెళ్ళింది. ఆపైన ఏం చేశారో దిమ్మలు పగలగొట్టే కుర్రాడికి ఎవరు చెబుతారు?

ఇప్పుడు మా కొండగట్టు దగ్గర నాచుపల్లిలోనే ఇంజనీరింగు కళాశాల ఉంది, 2007లో వచ్చింది. మా పిల్లలు దిమ్మలు పగలగొట్టడానికి నగరం దాకా పోనక్కరలేదు. నేను మాత్రం పద్యాలు చెప్పుకుంటూ, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ బతుకుతున్నాను. సాయంకాలాలు దుకాణాల్లో పనిచేసి వచ్చి, నిద్రకళ్ళతో రాసిన పేపర్లు కూడా ఆ కట్టలో ఉంటాయి. రాత్రి పదకొండు దాటాక, ఇంకా నాలుగు మిగిలి ఉండగా, "ఇదీ పై వాటిలాంటిదే గాబోలు, ఒక అంకె వేసేద్దాం" అని చెయ్యి ముందుకు వెళుతుంది.

అప్పుడు నీళ్ళోడుతూ ఆ మూడో దిమ్మ వచ్చి బల్ల మీద కూర్చుంటుంది. కళ్ళజోడు తుడుచుకుని, మొదటి పేజీ తిప్పుతాను.