తొలి వాకిలి

ప్రతి కథకూ ఒక వాకిలి ఉంటుంది. ఆ వాకిలి గుండా రాక, గోడ దూకి లోపలికి వచ్చినవాడు ఇంటిని చూడగలడు గాని, ఆ ఇంటివారికి అతిథి కాలేడు.

ఆన్‌లైన్‌లో ఆడే పాత్రధారణ క్రీడల విషయంలో ఈ మాట మరింత నిజం. పుస్తకంలో కథానాయకుడు వేరు, పాఠకుడు వేరు. ఈ క్రీడలో ఆడేవాడే కథానాయకుడు. అందువల్ల అతనికి కథ తెలియడం చాలదు. అందులో జరిగినది తనకే జరిగినట్లు తోచాలి. ఆ భావాన్ని కలిగించేది తొలి క్వెస్ట్, అంటే ఆట ఆరంభంలో పాత్రకు అప్పగించే మొదటి కార్యం.

అమెరికాలోని జెనిమాక్స్ ఆన్‌లైన్ స్టూడియోస్ రూపొందించగా 2014లో విడుదలైన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’ ఇందుకు చక్కని ఉదాహరణ. ఆనాటి ఆరంభంలో ఆటగాని పాత్ర అప్పటికే బలి అయిపోయి ఉంటుంది. దాని ఆత్మను మోలాగ్ బాల్ అనే దుష్టశక్తి అపహరించి ఉంటుంది. పాత్ర కళ్లు తెరిచేసరికి కోల్డ్‌హార్బర్ అనే చీకటి లోకపు చెరలో ఉంటుంది. అక్కడ లైరిస్ అనే వీరవనిత తోడవుతుంది. ప్రవక్త అని అందరూ పిలిచే అంధ వృద్ధుడు కూడా ఆ లోకంలోనే బందీ. అతడు విడుదల కావాలంటే మరొకరు అతని స్థానంలో నిలవాలి. లైరిస్ అందుకు సిద్ధపడుతుంది. ఆటగాడు, ప్రవక్త బయటపడతారు; ఆమె అక్కడే మిగిలిపోతుంది.

తరువాత ఆమెను విడిపించడానికి ఆటగాడు తిరిగి ఆ లోకానికే వెళ్లాలి. తొలి ఘట్టం ఆడినవానికి అది ఋణం తీర్చుకోవడం. ఆడనివానికి అది ఎవరో ఒక ఖైదీని విడిపించే పని మాత్రమే. శత్రువులు వారే, లభించే బహుమానం అదే. మనస్సులోని కదలిక వేరు. ద్యూతసభలో ద్రౌపదికి జరిగిన పరాభవం తెలియకుండా కురుక్షేత్రం నుండి భారతం మొదలుపెట్టినవానికి భీముని గదాఘాతం కనిపిస్తుంది గాని, దాని వెనుకనున్న పదమూడేళ్ల నిరీక్షణ కనిపించదు.

2016లో ఈ ఆటలోని ప్రాంతాలను ఏ వరుసలోనైనా తిరిగే వీలు కల్పించారు. 2017లో వెలువడిన ‘మోరోవిండ్’ అనే అధ్యాయం తనదైన వేరొక ఆరంభంతో వచ్చింది. దానితో కొత్త పాత్ర కోల్డ్‌హార్బర్‌ను చూడకుండానే ప్రయాణం మొదలుపెట్టగలిగింది. పాత ఘట్టం అదృశ్యం కాలేదు; వెదకినవారికి తరువాతనైనా దొరుకుతుంది. కాని అప్పటికి వరుస తారుమారవుతుంది. ఎందరినో రక్షించి వీరుడనిపించుకున్న పాత్ర అప్పుడు ఆత్మలేని బందీగా మేల్కొనవలసి వస్తుంది.

అయితే ఆరంభాన్ని దాటవేయడం ప్రతిసారీ తప్పు కాదు. రెండవ పాత్రను, మూడవ పాత్రను సృష్టించుకున్నవాడు ఆ చెరను ఇదివరకే చూసి ఉంటాడు. ముందుగా సాగిపోయిన మిత్రులను కలుసుకోవాలని తొందరపడేవాడూ ఉంటాడు. నలుగురితో కలిసి ఆడడమే ఈ క్రీడలకు ప్రాణం కనుక, ఒంటరిగా గడపవలసిన తొలి ఘట్టం అతనికి అడ్డంకిగా తోచడం సహజం.

తొలిసారి వచ్చినవాని సంగతి వేరు. అతనికి మిగిలేది కొద్దిపాటి సమయం. అతడు పోగొట్టుకునేది ‘ఈ పోరాటం ఎందుకు?’ అనే ప్రశ్నకు సమాధానం. ఆ ప్రధాన కథ ముగింపులో పాత్రకు తన ఆత్మ తిరిగి లభిస్తుంది. దానిని పోగొట్టుకున్న బాధ ఎరిగినవానికే, తిరిగి పొందిన ఆనందం తెలుస్తుంది.