రన్‌బుక్‌లో మొదటి లైను

పోయిన నెల పంజాగుట్టలోని మా ఆఫీసులో డీఆర్ డ్రిల్ చేశాం. అంటే ఒక డేటా సెంటర్ మొత్తం పోయిందనుకుని రెండోదానికి మారడం అన్నమాట. పదకొండు నిమిషాల్లో మారిపోయాం. మేనేజర్ గారు సంతోషించి బిర్యానీ కూడా తెప్పించారు. తింటూ రన్‌బుక్ తిరగేస్తుంటే మొదటి లైను కంట్లో పడింది: "ఆన్‌కాల్ ఇంజనీరుకి ఫోన్ చెయ్యండి." ఆ ఫోనే పనిచెయ్యకపోతే? అని అడిగితే అందరూ నవ్వారు. నాకు మాత్రం 2014 గుర్తొచ్చింది.

అప్పుడు నాది ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. అమీర్‌పేట్‌లో మైత్రీవనం వెనక సందులో హాస్టల్. అమ్మా నాన్నా విశాఖలో. అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను సరిగ్గా మా ఊరి దగ్గరే తీరం దాటింది. పొద్దున్న అమ్మ "కిటికీలు ఊగిపోతున్నాయి రా" అంది. అంతే, ఆ తర్వాత ఫోన్ కలిస్తే ఒట్టు. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళతో కలిసి హాస్టల్ మెట్ల మీద కూర్చుని అవే నంబర్లు నొక్కుతూ ఉండేవాళ్ళం. టీవీలో మా వీధిలాంటి వీధులు కనబడేవి, మా వీధి కనబడేది కాదు.

టవర్లన్నీ కూలిపోయాయేమో అనుకున్నాను. కొన్ని కూలాయి కూడా. కానీ నిలబడ్డవాటికీ నోరు లేదు. టవర్ నడిచేది కరెంటు మీద. కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు, ఆ తర్వాత డీజిల్ జనరేటర్. రోడ్ల నిండా చెట్లు పడితే డీజిల్ ఎలా వస్తుంది? బంకులో పంపు తిరగడానికీ కరెంటే కావాలాయె! పైగా స్తంభాల మీదుగా వేలాడదీసిన ఫైబర్ ఆ స్తంభాలతోపాటే తెగుతుంది. నాలుగు కంపెనీలున్నాయి కదా అని మనకి ధీమా. కింద చూస్తే చాలాచోట్ల ఒకే టవరు, ఒకే డీజిల్ డ్రమ్ము. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్.

మూడో రోజు సాయంత్రం 0891 తో మొదలయ్యే నంబరు నుంచి ఫోన్. నాన్న. "అందరం బానే ఉన్నాం రా, నా వెనక లైన్లో ఇరవై మంది ఉన్నారు, పెట్టేస్తున్నా." అంతే! ఎవరింట్లోదో పాత ల్యాండ్‌లైన్ అట. రాగి తీగ ఫోన్‌కి ఇంట్లో కరెంటు అక్కర్లేదు, ఎక్స్చేంజి నుంచే 48 వోల్టులు వస్తాయి. ఎక్స్చేంజిలో బ్యాటరీలూ జనరేటరూ బతికుంటే, దారిలో తీగ తెగకపోతే, ఫోనూ బతికున్నట్టే.

ఇప్పుడు కొంత నయం, కాదనను. విపత్తు వేళ ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ టవర్ని వాడుకునే ఏర్పాటు వచ్చింది. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా కుయ్యోమని మోగి అందర్నీ హడలగొట్టాయి చూడండి, ఆ సెల్ బ్రాడ్‌కాస్ట్ కూడా మంచిదే. టవర్ ఒకే సందేశాన్ని అందరికీ ఒకేసారి పంపుతుంది కాబట్టి, లక్ష మంది ఒకేసారి ఫోన్లు చేసి లైన్లు నింపేసినా అది అందుతుంది. కానీ ఏదో ఒక టవర్ బతికుండాలి కదా! నన్నడిగితే ముందు చూడాల్సింది బ్యాటరీ, డీజిల్ సంగతే. ఈలోగా రాగి తీగలు తీసేసి ఫైబర్ వేసుకుంటున్నాం. దాని డబ్బాకి ఇంట్లో కరెంటు ఉండాల్సిందే.

మా ఇంట్లోనూ ఫైబరే. నా వంతుగా అమ్మ ఫోన్లో ఇంకో కంపెనీ సిమ్ వేయించి, ముఖ్యమైన నంబర్లు క్యాలెండర్ వెనక రాసిచ్చాను. మొన్న ఊరెళ్ళి చూస్తే ఆ సిమ్‌కి రీచార్జ్ అయిపోయి రెండు నెలలైంది, క్యాలెండర్ మారిపోయింది :-)