అత్తగారి ట్రంకుపెట్టె

1990 నాటి చట్టముతో నేర్పడిన హెచ్-1బి వీసాకు దరఖాస్తు పెట్టువాడు ఉద్యోగి కాడు, యజమాని. మావారికై ఈ యేడు కంపెనీవారు పెట్టిన దరఖాస్తుపై అమెరికా ప్రభుత్వము మఱికొన్ని సాక్ష్యములు కోరినది. అది తిరస్కారమే యనుకొని నేను కన్నీరు పెట్టితిని. మా యిక్కడి నివాసమును, పిల్లవాని బడియు దానిపైననే యాధారపడి యున్నవి గదా! కాని యది ప్రశ్న మాత్రమే.

మావారి మూడేండ్ల బి.యస్సీ. ఇక్కడి నాలుగేండ్ల పట్టమునకు సరియగునా యని సందేహము. తక్కువపడిన యొక్కొక్క యేటి చదువునకు మూడేండ్ల నిపుణానుభవమును చూపవచ్చునని నిబంధన గలదు. గడువు హెచ్చులో హెచ్చు 84 దినములు. సాక్ష్యము లన్నియు నొక్కమాఱే పంపవలయును. కొంత నేడు, కొంత రేపు అనుటకు వీలులేదు.

హైదరాబాదులోని పాత కొలువువారు చేసిన పనిని వివరించి యిచ్చిన పత్రము మాకడ లేదు. గుంటూరులో మా యత్తగారి ట్రంకుపెట్టెలో దొరకినది! "కాగితము అన్నమడుగునా తల్లీ, పాఱవేయుట యెందుకు?" అని యామె యనునపుడు నేను నవ్వెడిదానను.

ఉత్తరము డెబ్బదవనాడు పోయినది. ఫలిత మింకను రాలేదు. నా పట్టమును, నా పాత కొలువు పత్రములను మాత్రము వేఱొక సంచిలో భద్రపఱచుకొంటిని. మీరును అట్లు చేయుడు.